పాడుబెట్టుకోవడానికైనా మాకొక రేవు కావాలి

తిరుపతికి ఏం తక్కువ? కొండ ఉంది, కోనేళ్లున్నాయి, విమానాలు దిగుతాయి. లీలామహల్ సర్కిల్ నెత్తిన ఫ్లైఓవర్ కూడా వచ్చేసింది. ఒక్కటే లోటు, మాకు పాడుబడిన రేవు లేదు. అరవై ఏళ్లొచ్చినా ఈ సంగతి నాకు తట్టలేదు. మా అబ్బాయి జర్మనీలోని హాంబర్గ్ తీసుకెళ్లి కళ్లు తెరిపించాడు.

"రేవు చూద్దాం పద నాన్నా" అంటే చేపల వాసనకు సిద్ధపడి జేబురుమాలు పెట్టుకుని బయల్దేరాను. అక్కడ వచ్చింది కాఫీ వాసన. కాలవకు రెండు పక్కలా ఎర్ర ఇటుకల గోడౌన్లు, మన మూడు నాలుగు లాడ్జీలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత దిట్టంగా నిలబడి ఉన్నాయి. పేరు స్పైకర్‌స్టాట్, అంటే గోడౌన్ల ఊరు. 1883లో మొదలెట్టి 1927 దాకా కట్టారట. నీళ్లలో కొయ్య దుంగలు దిగ్గొట్టి వాటి మీద లేపారు. ప్రతి గోడౌనుకూ ఒక వాకిలి వీధిలోకి, ఇంకో వాకిలి కాలవలోకి. పైన రాగిరేకు టోపీ, దాని కింద గిలక, కొక్కెం. పడవలోంచి కాఫీ బస్తా ఆ కొక్కేనికి తగిలిస్తే నేరుగా ఆరో అంతస్తుకు పోయేదట, సుంకం కట్టకుండా.

ఆ కొక్కెం ఇంకా అక్కడే వేలాడుతోంది. ఇప్పుడు దానికి బస్తా తగిలించరు, దాని కింద నిలబడి ఫోటో తీసుకుంటారు. నేనూ తీసుకున్నాను. చిత్తూరు బెల్లం మండీల్లో ఇంతకంటే మంచి కొక్కేలు చూశాను గానీ, వాటి పక్కన నిలబడితే "అడ్డం జరగండి సామీ" అంటారు తప్ప ఎవరూ ఫోటో తీయరు.

ఇక్కడే నాకు అభివృద్ధి రహస్యం బోధపడింది. ముందు అక్కడ కాపురమున్న 20,000 మంది దాకా జనాన్ని లేపేసి గోడౌన్లు కట్టాలి. కొన్నాళ్లకు కంటైనర్లు వస్తాయి, ఓడలు లావెక్కుతాయి, వ్యాపారం ఏటికి అవతలి ఒడ్డుకు పోతుంది. గోడౌన్లు బోసిపోతాయి. అప్పుడు తొందరపడకూడదు. బాగా పాతబడనిచ్చి, వారసత్వం అనాలి. 2015లో యునెస్కో వాళ్లూ ఆ మాటే అన్నారు. ఒకప్పుడు బస్తాల లెక్కన వచ్చిన కాఫీని ఇప్పుడు కప్పు నాలుగు యూరోలకు అమ్ముతున్నారు. మా గాంధీ రోడ్డులో ఆ డబ్బుకు వీధంతా తాగుతుంది.

పక్కనే హాఫెన్‌సిటీ అని, పాత రేవు నేల మీద కొత్త ఊరే కడుతున్నారు. దాని కొసన కోకో, టీ, పొగాకు దాచిన పాత గోడౌను మీద గాజు మేడ లేపి సంగీత మందిరం చేశారు. అది చూశాకే జర్మనీవాళ్ల మీద నాకు ఆప్యాయత కలిగింది. 2010కి అయిపోతుందన్న మేడను 2017 జనవరిలో తెరిచారు. ఊరి ఖజానాకు 77 మిలియన్ యూరోలు చాలన్న ఖర్చు 789 మిలియన్లయింది. ఎస్టిమేటును పదింతలు దాటించే విద్య మనవాళ్లకే వచ్చనుకుని ఇన్నాళ్లూ అనవసరంగా గర్వపడ్డాను. వాళ్లు చేసిన తప్పల్లా చివరికి పూర్తి చేయడమే.

ఇంతా చేసి హాంబర్గ్‌కు సముద్రమే లేదు! ఎల్బే ఏటి మీద వంద కిలోమీటర్ల పైచిలుకు పోతే గానీ ఉప్పునీళ్లు తగలవు. తిరుపతి నుంచి మన సముద్రానికి మ్యాపు మీద గీత గీసి కొలిస్తే అంత కూడా లేదు. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లా మారినప్పుడు గూడూరు, సూళ్లూరుపేటలతో పాటు సముద్రమూ మా వాటాకు వచ్చింది. ఈ విషయం మా వీధిలో చెబితే "సముద్రమా, ఎప్పుడిచ్చారు?" అని పింఛను సంగతి అడిగినట్టు అడిగారు.

పాతదనంలోనూ మనం తీసిపోం. 1620ల్లోనే ఇంగ్లీషువాళ్లు ఇప్పటి మా జిల్లా సముద్రపొడ్డున దుగరాజపట్నంలో కోట కట్టుకుని వ్యాపారం పెట్టారు. సాయం చేసిన ఆరుముగం ముదలియారు పేరే దానికి పెట్టి, నోరు తిరగక ఆర్మగాన్ అన్నారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే కొన్నాళ్లు చూసి, దక్షిణాన గుడ్డలు ఇంకా చౌకగా దొరుకుతాయని 1639లో మద్రాసు స్థలం కుదుర్చుకుని మూటాముల్లె సర్దేశాడు. ఆ పట్టాకు రాజముద్ర పడింది మా చంద్రగిరిలోనేనని ఇక్కడ చెప్పుకుంటారు. అంటే ఉన్న రేవు పాడుబడటానికి, పక్క రాష్ట్రంలో మహానగరం లేవడానికి, రెండింటికీ సంతకం మేమే పెట్టాం. ఇంతటి ఉదారత ప్రపంచంలో ఏ రేవుకుంది?

కాబట్టి పాడుబెట్టే పని మాకు నాలుగు వందల ఏళ్ల కిందటే అయిపోయింది. మిగిలింది కట్టడమే. ఆ ఏర్పాటూ చట్టంలోనే ఉంది. 2014 విభజన చట్టం దుగరాజపట్నంలో కొత్త మేజర్ పోర్టు కడతామంది, మొదటి దశ 2018 చివరికల్లా అంది. తర్వాత పక్కనే రాకెట్ల కేంద్రం ఉందని గుర్తొచ్చింది. పులికాట్ పక్షులు గుర్తొచ్చాయి. లాభం రాదన్న లెక్కా గుర్తొచ్చింది. మధ్యలో ఓడలు కట్టే కేంద్రం అన్నారు. పక్షుల మీద నాకే ఫిర్యాదూ లేదు, అవి మాత్రం ఏటా చెప్పిన నెలకు వస్తున్నాయి.

హాంబర్గ్ నుంచి వచ్చిన వేడిలో ఒక ఆదివారం నేనే దుగరాజపట్నం పోయాను. ఆర్మగాన్ పేరు ఇప్పుడు లైట్‌హౌస్‌కు మిగిలింది. ఒడ్డున ఒకాయన నైలాన్ వలను కాలి బొటనవేలికి తగిలించుకుని, చిరిగిన కన్నాలు ఒక్కొక్కటే ముడివేస్తున్నాడు. నేను హాంబర్గ్ ఫోటో చూపించి, గోడౌన్లు ఎక్కడ రావాలో, కాఫీ అంగళ్లు ఎక్కడుండాలో చేత్తో గీసి వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"పోర్టు ఎప్పుడొస్తుందంటారు?" అన్నాను.

"అది మీరే చెప్పాల సామీ, తిరుపతి నుంచి వచ్చినారు గదా" అన్నాడు. తర్వాత వలలోంచి తలెత్తి నా చెప్పులు, కారు, చేతిలో ఫోను ఒక వరసలో చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "స్థలం చూసేదానికేనా?"