గడప తీసేసిన వంటిల్లు, ఎక్స్‌ట్రా టైమ్ ఫైనల్

ఉన్న ఇంట్లోనే ఉంటూ వంటిల్లు మార్పించుకోవాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది బడ్జెట్ కాదు, ఫుట్‌బాల్ మ్యాచ్‌ల టైమ్‌టేబుల్. నల్లగొండలో ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఇక్కడ ఫుట్‌బాల్ ఎవరు చూస్తారమ్మా అంటారు. మా ఆయన చూస్తాడు. మా మామయ్య చూస్తాడు. టైల్స్ వేయడానికి బెంగాల్‌లోని ముర్షిదాబాద్ నుంచి వచ్చిన అబ్బాయి కూడా చూస్తాడని తెలిసిన రోజే, ఈ వంటింటికి ఇప్పట్లో మోక్షం లేదని నాకు అర్థమైపోయింది.

2022 దసరా వెళ్లగానే పని మొదలుపెట్టాం. "దీపావళికి కొత్త గట్టు మీద పాలు పొంగించుకో అక్కా" అన్నాడు గోడ పని చేసే సుతారి. ఏ దీపావళో చెప్పలేదు. పాత కడప బండ గట్టు, దాని కింద సిమెంటు అరలు, ఆ అరల్లో అత్తమ్మ ఎన్నేళ్లుగానో దాచిపెట్టిన ఖాళీ హార్లిక్స్ సీసాలు, అన్నీ ఒక్క పూటలో బయటికొచ్చేశాయి. పగలగొట్టడం వరకూ మనవాళ్ల స్పీడుకి తిరుగులేదు. అక్కడి నుంచి మొదలైంది అసలు కథ. ప్లంబర్ పైపు వేస్తే తప్ప కరెంటాయన రాడు, కరెంటాయన గోడ చెక్కితే తప్ప ప్లంబర్ రాడు, ఏదో పుణ్యాన ఇద్దరూ ఒకే రోజు దిగితే ఆ రోజు సుతారి వాళ్ల ఊళ్లో పెళ్లి ఉంటుంది.

గ్రానైట్ దగ్గర ఇంకో పంచాయితీ. మా ఆయనకి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కావాలి. ఆ నల్లరాతిలో బంగారు చుక్కలు మెరుస్తుంటే ఆకాశం చూసినట్టు ఉంటుందట. అత్తమ్మ ఆ రాయిని వేలితో తడిమి చూసి "దీని మీద ఆవాలు పడితే ఎట్ల ఏరుకోవాలె?" అని అడిగింది. ఆ ప్రశ్నకి షాపాయన దగ్గర కూడా జవాబు లేదు. అయినా అదే రాయి కొన్నాం.

ఈ కథకి అన్నిటికన్నా ముఖ్యమైనది గడప. వంటిల్లు, హాలు కలిపేసి ఓపెన్ కిచెన్ చేయాలని మా ఆయన పట్టుబట్టి మధ్య గోడ సగం కొట్టించాడు, దాంతోపాటు గడప కూడా తీయించాడు. "గడప లేకుంటే అది ఇల్లెట్లైతదిరా?" అని అత్తమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "రేపు రోబో చీపురు తెచ్చుకుంటే అది గడప ఎట్ల ఎక్కుతదమ్మా?" అన్నాడు ఈయన. మా ఇంట్లో రోబో చీపురు లేదు. ఇప్పటికీ లేదు.

దాంతో వంటిల్లంతా హాల్లోకి వచ్చింది. గ్యాస్ పొయ్యి డైనింగ్ టేబుల్ మీదికి, గిన్నెలు సోఫా మీదికి, ఫ్రిజ్ టీవీ పక్కకి, బియ్యం బస్తా తలుపు వెనక్కి, సిమెంటు బస్తాలు చెప్పుల స్టాండ్ పక్కకి చేరాయి. మా ఆయనకి ఇంతకన్నా స్వర్గం లేదు, మ్యాచ్ చూస్తూ చెయ్యి చాపితే చాయ్ అందుతుంది. నాకేమో కుక్కర్ విజిల్ ఏదో రిఫరీ విజిల్ ఏదో తెలియక పప్పు ప్రతిసారీ మెత్తగా గుజ్జయిపోయేది. విసిగిపోయి పచ్చిపులుసుకి మారిపోయాను. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ తరిగి, పచ్చిమిర్చి నలిపితే అయిపోతుంది, పొయ్యితో పనే లేదు. వారంలో ఎన్నిసార్లు చేశానో అడగకండి, అడిగితే మామయ్య చెబుతాడు.

నవంబర్ 20న వరల్డ్ కప్ మొదలైంది. మా ఆయనది అర్జెంటీనా. టైల్స్ అబ్బాయిది బ్రెజిల్. 22న సౌదీ అరేబియా చేతిలో అర్జెంటీనా 2-1తో ఓడిపోయిన మధ్యాహ్నం, సగం పూట సెలవు పెట్టి మరీ చూసిన మా ఆయన మొహం చూడలేకపోయాం. వంటింట్లో ఆ అబ్బాయి టైల్స్ కోస్తూ ఈల వేస్తున్నాడు. మామూలుగా ఆ కటింగ్ మిషన్ చప్పుడులో ఏమీ వినపడదు గానీ ఆ ఈల మాత్రం వినపడింది.

దానికి బదులు డిసెంబర్ 9న వచ్చింది. క్రొయేషియాతో బ్రెజిల్ క్వార్టర్ ఫైనల్. ఎక్స్‌ట్రా టైమ్‌లో నెయ్‌మార్ గోల్ కొట్టాడు, ఇంకో మూడు నిమిషాల్లో అయిపోతుందనగా క్రొయేషియా పెట్కోవిచ్ సమం చేశాడు, పెనాల్టీల్లో వాళ్ల గోలీ లివకోవిచ్ మొదటి బంతే ఆపేశాడు, బ్రెజిల్ ఇంటికి. మర్నాడు టైల్స్ అబ్బాయి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కాంట్రాక్టర్‌ని అడిగితే జ్వరమన్నాడు. బ్రెజిల్‌లో వాళ్లు ఎన్నాళ్లు ఏడ్చారో గానీ, నల్లగొండలో ఒక వంటింటి గోడ సగం టైల్స్‌తో ఆగిపోయింది. ఆ ఓదార్చడమైనా సరిగ్గా ఓదార్చవచ్చు కదా, అదే రాత్రి నెదర్లాండ్స్ మీద అర్జెంటీనా గట్టెక్కిన సంతోషంలో మా ఆయన ఆ అబ్బాయికి మెస్సీ ఫొటో వాట్సాప్ చేశాడు. జ్వరం ఇంకో రోజు పెరిగింది.

సరే, తిరిగొచ్చాడు. గోడలో ఒక చోట పాత ప్లాస్టరింగ్ బోలుగా ఉందని కొట్టి చూపిస్తే సుతారి వచ్చి శనివారం కొత్తగా చేసి వెళ్లాడు. "పొద్దుగాల, మాపటికి మంచిగ తడుపుర్రి, లేకుంటే పగుళ్లొస్తయ్" అని చెప్పాడు. సిమెంటు పాలు లోపలికి పోకుండా టైల్స్ అబ్బాయి నీళ్లు బయటికి పోయే మోరీలో గోనెసంచి ముక్క కుక్కి పెట్టాడు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

డిసెంబర్ 18, ఆదివారం, రాత్రి ఎనిమిదిన్నరకి ఫైనల్. ధనుర్మాసమని తెల్లవారుజామునే లేచే అత్తమ్మ ఎనిమిదికే పడుకుంది. అర్జెంటీనా గెలవడం చూపించాలని మా ఆయన టైల్స్ అబ్బాయిని పనిగట్టుకొని పిలిచాడు. సోఫా నిండా గిన్నెలు కదా, అతను సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు. అర్జెంటీనా ఓడితే చాలు, ఎవరు గెలిచినా సంతోషమే అన్నట్టు ఫ్రాన్స్ వైపు చేరాడు. మెస్సీ పెనాల్టీ, డి మరియా గోల్, హాఫ్‌టైమ్‌కి 2-0. అబ్బాయి నేను పెట్టిన సర్వపిండి కూడా ముట్టలేదు.

మామయ్యకి జాలేసి, ఆ దుఃఖం మరిపిద్దామని హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ కథ ఎత్తుకున్నాడు. సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు కొట్టింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారం, అంతా రహీం సాబ్ శిక్షణే అన్నాడు. అబ్బాయికి ప్రాణం లేచొచ్చింది. "జకార్తా ఫైనల్లో కొరియా మీద మొదటి గోల్ కొట్టింది మా పీకే బెనర్జీ, కాకా!" "కొట్టింది ఆయన. కొట్టిచ్చింది ఎవరు?" సెకండాఫ్ మొదలైనా ఇద్దరూ 1962లోనే ఉన్నారు.

డెబ్బై ఐదు నిమిషాలు దాటాయి. ఇంకా 2-0. ఫ్రాన్స్ బంతిని గోల్ దాకా తీసుకెళ్లడానికే తంటాలు పడుతోంది. "గోడ తడిపిన్రా?" అని అడిగాను. మా ఆయన దర్జాగా లేచి "మ్యాచ్ అయిపోయినట్టే, తడిపొస్త" అని వెళ్లి, ట్యాంక్ నుంచి వచ్చే నల్లాకి పైపు తగిలించాడు. హాల్లో కేక వినపడింది. మెస్సీ మూడోది కొట్టాడనుకొని పాట పాడుకుంటూ గోడ తడుపుతున్నాడు. ఆ తర్వాత నిమిషంన్నరకి ఇంకో కేక. ఈసారి అది టైల్స్ అబ్బాయి గొంతని గుర్తుపట్టి పైపు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. 80వ నిమిషంలో ఫ్రాన్స్ ఎంబాపే, 81లో మళ్లీ ఎంబాపే, 2-2. రెండు గోల్సూ ఆయన రీప్లేలోనే చూశాడు.

పైపు సంగతి ఇక ఎవరికి గుర్తుంటుంది? 108లో మెస్సీ, 118లో మళ్లీ ఎంబాపే, ఆఖరి క్షణంలో అర్జెంటీనా గోలీ మార్టినెజ్ కాలు చాపి ఆపిన బంతికి మామయ్య రెండు కాళ్లూ పైకెత్తేశాడు. ఆ ఎత్తడమే ఆయనకి కలిసొచ్చింది. అవతల పైపు గంటకి పైగా నడుస్తూనే ఉంది. మోరీకి గోనెసంచి, ఆపడానికి గడప లేదు, వెయ్యి లీటర్ల ట్యాంకు కొత్త ఓపెన్ కిచెన్‌లోంచి అడ్డూ ఆపూ లేకుండా హాల్లోకి వచ్చేసింది.

పెనాల్టీలు. ఆఖరి బంతి తన్నడానికి మోంటియెల్ నడుచుకుంటూ వస్తున్నాడు, కొడితే కప్పు అర్జెంటీనాది. ఆ క్షణంలో నీళ్లు నేల మీదున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుని తాకాయి, బ్రేకర్ ఠక్కున పడిపోయింది, ఇల్లంతా చీకటి. షాక్ కొట్టకుండా ఆ బ్రేకర్ పెట్టిన కరెంటాయనకి ఈ మాత్రం మెచ్చుకోలు దక్కాల్సిందే, మా ఆయన మాత్రం ఆ రాత్రి అతన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. "ఫోన్! ఎవరి దగ్గర చార్జింగుంది?" టైల్స్ అబ్బాయి దగ్గరుంది. తిరుగుతున్న చక్రాన్ని మడమల లోతు నీళ్లలో నిలబడి నలుగురం చూస్తున్నాం. చివరికి బొమ్మ కదిలింది, అతను ఫోన్‌లోకి చూసి చాలా కష్టంగా "జీత్ గయా, దాదా" అన్నాడు. నచ్చని టీమ్ గెలిచిందని నోటితో చెప్పాల్సి రావడం కన్నా శిక్ష ఉండదేమో.

నీళ్లలో గంతులేయబోయి మా ఆయనకి అప్పుడు తట్టింది. "ఈ నీళ్లేంది?"

"పానీ అప్పుడే వచ్చింది దాదా. ఎక్స్‌ట్రా టైమ్‌లోనే నా కాలు తడిసింది."

"మరి చెప్పలేదేంరా?"

"పెనాల్టీలు అయినంక చెప్దామని."

మా ఆయన ఏమీ అనలేకపోయాడు, ఆయనైనా అదే చేసేవాడు. చప్పుడుకి లేచొచ్చిన అత్తమ్మ ముందు బియ్యం బస్తా ఎత్తించింది, తర్వాత నీళ్లకేసి, గడప ఉండాల్సిన చోటికేసి, కొడుకు మొహంకేసి వరసగా చూసింది. ఆ రాత్రి హాలంతా ఎత్తిపోసింది మా ఆయన ఒక్కడే. మూడో కప్పు గెలిచిన టీమ్ అభిమాని కదా, అలసట తెలియలేదన్నాడు.

సిమెంటు బస్తాలు రెండూ పోయాయి. నీళ్లు తగిలిన సిమెంటు మనకోసం ఆగదు, అరగంట దాటితే బిగుసుకోవడం మొదలుపెడుతుంది, ఇది తెల్లారేదాకా నానింది. ఒకటి పగలగొట్టి గేటు ముందు గుంతలో పోశాం. టైల్స్ అబ్బాయి కూర్చున్నది మాత్రం, ఎక్స్‌ట్రా టైమంతా అతను టెన్షన్‌తో అటూ ఇటూ కదిలిన గుంటతో సహా అట్లాగే గట్టిపడింది. చెత్త బండివాళ్లు మేం తీసుకోం అన్నారు. ఇప్పుడది పెరట్లో మునగచెట్టు కింద ఉంది, అత్తమ్మ దాని మీద కూర్చునే చిక్కుడుకాయలు ఒలుస్తుంది. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేస్తానంటే వద్దంది. "నడుముకు ఇదే మంచిగున్నది. ఆ పిలగాన్ని పిలిచి ఇంకొకటి చేపియ్యి, మీ మామయ్యకు."