ఉగాది హాలు, ఆస్తి పన్ను

కాలిఫోర్నియాలోని మన తెలుగు సంఘం ఈ ఉగాదికి జరిపిన పంచాంగ శ్రవణంలో శాస్త్రిగారు ఒక రాశికి ఆదాయం కంటే వ్యయం ఎక్కువని చదవగానే, ముందు వరుసలోంచి ఒకరు "ఆ వ్యయమంతా ఆస్తి పన్నేనండీ" అన్నారు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. తరువాత భోజనాల దగ్గర పులిహోర గిన్నె పక్కన ఒక కరపత్రాల కట్ట కనిపించింది. ఇక్కడి సర్కారు బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ ప్రతిపాదించిన పార్సెల్ ట్యాక్సుకు (బడుల కోసం ఒక్కో స్థిరాస్తికి ఇంత అని వేసే పన్నుకు) వ్యతిరేకంగా ఓటు వేయమని, మన కష్టార్జితం ఎవరి పిల్లలకో ఎందుకు పోవాలని అందులో ఉంది. మనసు చివుక్కుమంది. మనం కూర్చున్న ఆ హాలు అదే డిస్ట్రిక్టుకు చెందిన బడిది. హోటల్ హాళ్లతో పోలిస్తే నామమాత్రపు అద్దెకు దొరుకుతున్నందుకే కదా, సంక్రాంతి నుంచి దసరా దాకా మన పండుగలన్నీ అక్కడే జరుపుకుంటున్నాం!

కరపత్రం వేసినవారి కోపానికి కారణం లేకపోలేదు. 1970లలో కాలిఫోర్నియాలో ఇళ్ల ధరలు ఎగబాకి, పన్ను మదింపులూ వాటి వెంటే పెరిగి, పింఛను మీద బతికే వృద్ధులు సొంత ఇల్లు అమ్ముకోవలసి వస్తుందేమోనని భయపడిన రోజుల్లో, 1978 జూన్‌లో ఓటర్లు ఆస్తి పన్నుకు పరిమితి పెట్టే ప్రాప్ 13ను (13వ నంబరు బ్యాలెట్ ప్రతిపాదనను) దాదాపు 65 శాతం ఓట్లతో ఆమోదించారు. ఆస్తి పన్ను మూల రేటు 1 శాతం దాటకూడదు. ఇల్లు చేతులు మారేదాకా మదింపు విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదు. రాష్ట్ర పన్నులు పెంచాలంటే ఉభయ సభల్లోనూ, స్థానికంగా ప్రత్యేక పన్ను వేయాలంటే ఓటర్లలోనూ మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. వృద్ధుల భయం నిజమైనదే, వారికి రక్షణ అవసరమే.

అయితే ఆ రక్షణ ఎవరికి ఎంత దక్కిందో మన వీధిలోనే తెలుస్తుంది. 1975 నుంచి ఉంటున్న పొరుగువారికి వచ్చే బిల్లు, నిన్నమొన్న అదే నమూనా ఇల్లు కొన్న మనవారి బిల్లులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. ఈ తేడా చెల్లుతుందని 1992లో అమెరికా సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ఆలస్యంగా వచ్చిన మన వాటా బరువైన మాట వాస్తవమే గానీ, ఆ బరువు పెట్టింది బడిపిల్లలు కాదు, ఆ పరిమితే. పెద్ద వాణిజ్య ఆస్తులనైనా మార్కెట్ విలువకు మదింపు చేద్దామన్న ప్రాప్ 15 కూడా 2020లో 48 శాతం దగ్గర ఆగి ఓడిపోయింది.

ప్రాప్ 13 వచ్చిన తొలి ఏడాదే ఆస్తి పన్ను రాబడి సగానికి పైగా పడిపోయింది. గ్రంథాలయాల వేళలు, వేసవి బడులు కోతకు గురయ్యాయి. బడుల నిధులు రాష్ట్ర ఖజానా చేతికి వెళ్లాయి. ఆ ఖజానా సంపన్నుల ఆదాయ పన్ను మీద, అంటే చాలావరకు స్టాక్ మార్కెట్ మీద ఆధారపడినది కనుక, మార్కెట్ కూలినప్పుడు టీచర్లకు పింక్ స్లిప్పులు, అంటే ఉద్యోగం పోవచ్చన్న నోటీసులు, వస్తుంటాయి. కలిగినవారి పేటల్లో తల్లిదండ్రులు ఫౌండేషన్లు పెట్టి విరాళాలతో ఆ లోటు పూడ్చుకుంటారు. లేనివారి పేటల్లో పూడ్చేవారు ఉండరు. ఇక నగరాలకూ కౌంటీలకూ తేలికగా అందేది అమ్మకపు పన్ను. పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌కు ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన కోతల దెబ్బకు కౌంటీ ఆసుపత్రులు కుదేలు కాకుండా శాంటా క్లారా కౌంటీ ఓటర్లు 2025 నవంబరులో ఆ పన్ను రేటును 0.625 శాతం పాయింట్లు పెంచుకున్నారు. బియ్యానికీ కూరగాయలకూ ఈ పన్ను లేదు గానీ, పిల్లల బూట్లకూ కారు టైర్లకూ ఉంది. ఇంజనీరూ, ఆఫీసు ఊడ్చే మనిషీ వాటి మీద కట్టేది ఒకే రేటు.

కౌంటీ ఆసుపత్రి గురించి నాకు తెలిసింది మా అమ్మ వల్ల. విజిటర్ వీసా మీద వచ్చిన ఆమె మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంటే, బీపీ పాత జబ్బని సాకు చెప్పి బీమా కంపెనీ చేతులెత్తేసింది. కౌంటీ ఎమర్జెన్సీలో పక్క మంచం మీద ఉన్నది హోటల్లో గిన్నెలు కడిగే కుర్రాడు. తెగిన చేతికి గిన్నెలు తుడిచే గుడ్డనే చుట్టుకుని వచ్చాడు. ఆపరేషను అయ్యాక ఒక ఉద్యోగిని అమ్మ మంచం పక్కనే కూర్చుని, బిల్లు తగ్గింపు దరఖాస్తును ఓపికగా నింపిపెట్టింది. "ఇదీ మన గుంటూరు పెద్దాసుపత్రి లాంటిదేరా, కాకపోతే నేల మెరుస్తోంది" అంది అమ్మ.

గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు మెడికాల్ (కాలిఫోర్నియాలో మెడికెయిడ్ పేరు) ఎలా తీసుకోవాలి, వారిని ఇంట్లో చూసుకున్నందుకు గంటల లెక్కన ప్రభుత్వం డబ్బిచ్చే ఐహెచ్‌ఎస్‌ఎస్ పథకం కింద గంటలు ఎలా రాయించుకోవాలి అన్న ప్రశ్నలు మన వాట్సాప్ గ్రూపుల్లో లేని వారం ఉండదు. అర్హత ఉన్నవారు తీసుకోవడంలో తప్పు లేదు. తీసుకుంటూనే, "పనీపాటా లేనివాళ్లను మన పన్నులతో మేపుతున్నారు" అని వేదికల మీద చప్పట్లు కొట్టించుకోవడమే నాకు మింగుడుపడదు. ఊరి అలవాట్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు గానీ, స్థలం కొన్న ధర ఒకటి, రిజిస్ట్రారు ముందు రాయించిన ధర మరొకటి అయిన ఇళ్ల నుంచే మనలో చాలామందిమి వచ్చాం. వడ్డీ మాఫీ ప్రకటించేదాకా ఇంటి పన్ను కట్టని పెద్దమనిషే, వీధి దీపం వెలగలేదని మున్సిపాలిటీని తిట్టిపోయడం చూస్తూ పెరిగాం. సర్కారు బడిలో చదివి, ఆర్టీసీ పాసు మీద కాలేజీకి వెళ్లి, కన్వీనర్ కోటా సీటుతో ఇంజనీర్లమైన సంగతి మాత్రం సామాను సర్దుకునేటప్పుడు అక్కడే వదిలేసి వచ్చినట్టున్నాం.

పార్సెల్ ట్యాక్సులోనూ లోపం ఉంది: బంగళాకూ చిన్న కాండో ఫ్లాటుకూ చాలాచోట్ల ఒకే మొత్తం. కానీ ప్రాప్ 13 తరువాత బడులకు మిగిలిన దారులు కొన్నే. 65 ఏళ్లు దాటినవారు దరఖాస్తు పెట్టుకుంటే చాలా డిస్ట్రిక్టులు మినహాయింపు ఇస్తాయి కూడా. మూడింట రెండు వంతుల నిబంధన వల్ల ఇలాంటి ప్రతిపాదనలు 60 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుని కూడా ఓడిపోతుంటాయి. కాబట్టి కార్యవర్గానికి నా విన్నపం: సంఘం కార్యక్రమంలో ఇకమీదట ఇలాంటి కరపత్రం పెట్టేముందు స్కూల్ బోర్డు వారినీ పిలిచి వారి లెక్కలు వినండి. పౌరసత్వం వచ్చినవారికి నా విన్నపం: ఇంటికి వచ్చిన బ్యాలెట్‌ను గవర్నరు పేరు దగ్గరే ఆపకుండా చివరి పేజీ దాకా తిప్పి, ఆ పన్నుకు "అవును" అని గుర్తు పెట్టండి.