డిక్కీలో ఉరుము

పాత కారు కొన్నవాడికి ఇంజను పని, పెయింటు పని ఓ కొలిక్కి రాకముందే డిక్కీలో సబ్‌వూఫర్లు, అంటే లోతైన బేస్ మోత పుట్టించే పెద్ద స్పీకర్లు, పెట్టాలన్న దురద పుడుతుంది. 12 అంగుళాలవి, అదీ రెండు. ఒకటి చాలదా అంటే, ఒక్కటయితే ఏం కనిపిస్తుందండీ అంటాడు. అది వినిపించాల్సిన వస్తువని గుర్తుచేస్తే నొచ్చుకుంటాడు.

ముందు లెక్కలు. మూసిన పెట్టెలో ఒక్కో 12 అంగుళాల స్పీకరుకి సుమారు 28 నుంచి 35 లీటర్ల చోటు కావాలి. 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. చెక్కతో బయటి కొలత 80×35×35 సెంటీమీటర్లు పెట్టి, మధ్యలో అడ్డుగోడ కొడితే, స్పీకర్ల వెనకభాగం ఆక్రమించేది పోను ఒక్కో గదికి 33 లీటర్ల పైనే మిగులుతుంది. ఇక్కడిదాకా మనవాడికి నూటికి నూరు మార్కులు. డిక్కీ లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ కొలిచాడు. కొలవనిది డిక్కీ నోరు. పాత కార్ల డిక్కీలో కాపురం పెట్టేంత చోటుంటుంది, లోపలికెళ్ళే దారి మాత్రం ఎదురుగా ఉన్న అంచు దగ్గర ఇరుకైపోతుంది. పెట్టెని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా, చివరికి తిట్టి కూడా తోసి చూస్తాడు. అది పోదు. అనుభవజ్ఞులు అందుకే ముందు అట్టపెట్టెతో అదే సైజు నమూనా చేసి లోపలికి దూర్చి చూస్తారు. లేదంటే రెండు స్పీకర్లకి రెండు విడి పెట్టెలు చేస్తారు.

ఎలాగో దూరిందనుకుందాం. తలుపు వేయగానే ఠంగుమంటుంది. మూత తెరిచి ఉన్నప్పుడు పైన ఉండే వంకర కీళ్ళు, మూసేటప్పుడు డిక్కీలోకి దిగొస్తాయి. అవి దిగే దారిలోనే పెట్టె మూల ఉంది.

పెట్టె కదలకుండా నేలకి బిగించాలి. స్పీకర్లతో కలిపి అది 30 కిలోల చుట్టూ తూగుతుంది, గట్టి బ్రేకు పడితే వెనక సీటు దాటి ముందుకొస్తుంది. సరే, డ్రిల్లు తీశాడు. ఇక్కడ నవ్వు కాసేపు ఆపాలి. 1964 నుంచి 1970 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగుల్లో డిక్కీ నేల మధ్యభాగం నేల కాదు, పెట్రోలు ట్యాంకు పైకప్పు. తొలినాటి మినీల్లో ట్యాంకు డిక్కీలోనే ఓ పక్కన నిలబడి ఉంటుంది. కారు కిందికి దూరి చూడకుండా ఒక్క రంధ్రం కూడా వేయకూడదు.

కరెంటు సంగతికొస్తే, ఈ స్పీకర్లని మోగించే 500 వాట్ల ఆంప్లిఫయరు, కరెంటు వృథా తక్కువ చేసే క్లాస్ డి రకమే అయినా, పూర్తి జోరులో దాదాపు 45 ఆంపియర్లు తాగుతుంది. పాత కారులో కరెంటు పుట్టించే డైనమో ఇచ్చేది 20, 25. అదీ ఇంజను పరిగెడుతుంటేనే, ఐడ్లింగులో దాదాపు ఏమీ ఇవ్వదు. పాటలో సగటు వాడకం ఇందులో మూడో వంతే అయినా, రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని సిగ్నలు దగ్గర ఆగితే ప్రతి ‘డుబ్’ మోతకీ దీపాలు కళ్ళార్పుతాయి. ఎదుటివాడు దారిమ్మంటున్నారనుకుని పక్కకి తప్పుకుంటాడు.

1960ల చివరిదాకా చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్ కొననే బాడీకి కలిపి ఎర్త్ చేసేవారు. మనవాడు ఆంప్లిఫయరుతో వచ్చిన పుస్తకంలో రాసినట్టే నల్లతీగ బాడీకి, ఎర్రతీగ బ్యాటరీ రెండో కొనకి, అంటే ఇక్కడ మైనస్‌కి, తగిలించాడు. బుద్ధిగా సూచనలు పాటించి ఆంప్లిఫయరుని కాల్చుకున్నవాళ్ళలో ఒకడయ్యాడు. ముందు కారుని మైనస్ ఎర్త్‌కి మార్చుకోవాలి. ఎర్త్ తీగ సన్నది పెట్టి, పెయింటు మీదే బోల్టు బిగించడం ఇంకో ముచ్చట. మెరిసే ఇనుము కనిపించేదాకా గీకాలి, తీగ పొడవు 45 సెంటీమీటర్లు దాటకూడదు, మందం ఎర్రతీగతో సమానంగా ఉండాలి. పాత కారులో ఈ గీకడమే అసలు పరీక్ష. పెయింటు కింద పుట్టీ, పుట్టీ కింద తుప్పు, తుప్పు కింద రోడ్డు కనిపించవచ్చు.

ఎర్రతీగ 25 చదరపు మిల్లీమీటర్లది, దానికి 60 ఆంపియర్ల ఫ్యూజు. ఆ ఫ్యూజు ఆంప్లిఫయరు పక్కన కాదు, బ్యాటరీకి 45 సెంటీమీటర్లలోపే ఉండాలి. అది కాపాడేది తీగని. తీగ దూరే రేకు రంధ్రానికి అంచుకి తొడిగే రబ్బరు రింగు, గ్రోమెట్, వేయకపోతే, అంచు ఇన్సులేషన్‌ని నెమ్మదిగా కోస్తుంది.

అంతా అయింది, పాట పెట్టాడు. రెండు స్పీకర్లూ ఊగుతున్నాయి, బేస్ మాత్రం లేదు. ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒకటి గాలిని తోస్తుంటే రెండోది పీలుస్తోంది. 1.5 వోల్టుల టార్చి సెల్లుని తీగ కొనలకి ఒక్క క్షణం తాకిస్తే చాలు, ప్లస్‌కి ప్లస్ తగిలినప్పుడు కోను బయటికి కదలాలి.

సరిచేశాక అసలు సంగీతం మొదలవుతుంది. 40 హెర్ట్జ్ దగ్గర నంబరు ప్లేటు, 50 దగ్గర వెనక లైటు చట్రం, 60 దగ్గర ఎప్పుడో ఊడిన స్క్రూ ఒకటి ఎక్కడో దొర్లుతూ పాడతాయి. పాటగాడు ఎవరో పోల్చలేం. 25 నుంచి 80 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ పెట్టి, ఇంకొకరు బయట ఒక్కో భాగాన్నీ అరచేత్తో నొక్కుతూ పోవాలి. మోత ఆగిన చోట దొంగ దొరికినట్టే. నంబరు ప్లేటు వెనక ఫోమ్ టేపు, మూత రేకు లోపల కంపనాన్ని మింగే బ్యుటైల్ రబ్బరు షీటు. రేకంతా కప్పక్కర్లేదు, పాతిక శాతం కప్పితే కంపనం చాలావరకు చస్తుంది. తారు షీటు చవకని అంటిస్తే ఎండకి కారి, డిక్కీ అంతా కొత్తగా రోడ్డేసిన వాసన కొడుతుంది.

చివరికి అన్నీ కుదిరి, మనవాడు ఊరి బయటిదాకా షికారు వెళ్ళాడు. టైరు పంచరైంది. స్టెప్నీ డిక్కీ నేలలో ఉంది. దాని మీద పెట్టె, పెట్టెకి ఆరు బోల్టులు. స్పానరు, జాకీ భద్రంగా స్టెప్నీ పక్కనే ఉన్నాయి.