ఇంట్లో ఒక్క పాట రికార్డు చేసుకోనివ్వరా?

కడప ఎండల్లో ఫ్యాను ఆపి, కిటికీలు బిగించి, చెమటలు కారుతున్నా గిటారు పట్టుకుని కూర్చుంటే, సరిగ్గా చరణం ఎత్తుకునే వేళకే ఉల్లిపాయల ఆటో మైకు మోగుతుంది. అది సందు దాటిందనుకునేలోగా సైలెన్సర్ పీకేసిన మోటారుసైకిలు! పాట రికార్డు చేసే కండెన్సర్ మైకు గిటారు తీగ మీద వేలు జారే సవ్వడినే కాదు, వీధి చివరి హారన్‌నూ పట్టేస్తుంది; గొంతులో కలిసిపోయిన ఆ మోతను పాట దెబ్బతినకుండా విడదీయడం ఎంత కష్టం! పోనీ రాత్రి పాడుకుందామా అంటే, పది దాటాక బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు మోగరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నా, ఊరేగింపు డీజేలను ఆపేదెవరు? నివాస ప్రాంతాల్లో రాత్రి 45 డెసిబెళ్ల హద్దు కాగితానికేనా? ఇంత శ్రమపడి పాటను పంచుకుంటే, వెనక ఆ గోలేమిటని నన్నే అడుగుతారు. ఆపే అధికారమున్నవారు ఒక్క రాత్రి మా వీధిలో నిలబడి వినాలి.