కాగితాలు సరే, కారు అడుగు చూశారా?

సంక్రాంతి దగ్గరపడుతోందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి అమెరికా వచ్చిన మన సంఘ సభ్యుల ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు ఒక కారు కొనిపెట్టాలి. వైద్యానికి విశాఖపట్నం వెళ్ళాలన్నా, చుట్టాల పెళ్ళిళ్ళకు తిరగాలన్నా ప్రతిసారీ అద్దె బండి కోసం ఎదురుచూసే అవస్థ వాళ్ళకు తప్పాలి. ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లకు మించి తిరగని బండికి కొత్త కారు ధర పెట్టడం ఎందుకని చాలామంది సెకండ్ హ్యాండ్ కారు వైపు మొగ్గుతారు. అవసరమైన రోజున యాక్టింగ్ డ్రైవరును పిలిపించుకునే పెద్దవాళ్ళకు అది సరైన నిర్ణయమే. నా అభ్యంతరమల్లా ఆ కారును ఎంచుకునే పద్ధతితోనే. వాట్సాప్‌లో కొన్ని ఫొటోలు, ఆర్సీ నకలు, బీమా నకలు వస్తాయి. మీటరు రీడింగు తక్కువగా ఉంటుంది, పెయింటు మెరుస్తూ ఉంటుంది, అమ్మేవాడు మన బావమరిదికి తెలిసినవాడై ఉంటాడు. తెల్లారేసరికి అడ్వాన్సు వెళ్ళిపోతుంది. కారు అడుగుభాగాన్ని మాత్రం ఎవరూ చూసి ఉండరు.

కాగితాన్ని ఇంతగా నమ్మడం అమెరికాలో మనకు అబ్బిన అలవాటు. ఇక్కడ వరదలో మునిగిన కారుకో, ప్రమాదంలో పూర్తిగా దెబ్బతిన్న కారుకో టైటిల్ (యాజమాన్య పత్రం) మీదనే ‘ఫ్లడ్’ అనో ‘సాల్వేజ్’ అనో ముద్ర పడుతుంది. బీమా కంపెనీలు, పాత కార్ల యార్డులు ఆ వివరాలను జాతీయ స్థాయి టైటిల్ సమాచార వ్యవస్థకు పంపాలని ఫెడరల్ చట్టమే చెబుతోంది. ఆ ముద్రను పోగొట్టడానికి కారును రాష్ట్రం దాటించే మోసగాళ్ళు ఇక్కడా లేకపోలేదు గాని, కొనేవాడు చూసుకోవడానికి ఒక కాగితమంటూ ఉంది. భారతదేశంలో ఆర్సీ మీద యజమాని పేరు, ఇంధనం, ఛాసిస్ నంబరు, ఫైనాన్స్ వివరం ఉంటాయి. ఆ కారు నీళ్ళలో మునిగిందా, చెట్టుకు గుద్దుకుందా అన్న సంగతి ఉండదు. పూర్తిగా ధ్వంసమైన, శాశ్వతంగా పనికిరాకుండా పోయిన వాహనం గురించి యజమాని 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతున్న మాట నిజమే. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా సంస్థ కూడా దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి పరిహారం ఇస్తుంది. అయితే ‘పూర్తి నష్టం’ అన్నది బీమావారి లెక్క మాత్రమే. టింకరింగ్ షెడ్డులో అది ఇంకా బాగుచేయదగ్గ బండే, పైగా లాభసాటి బండి. ఆర్సీ రద్దు కాకుండా చేతులు మారిన అలాంటి కారుకు కాగితాలన్నీ సక్రమంగానే ఉంటాయి.

కాగితాలు అసలే పనికిరావని నేను అనడం లేదు. వాటిని చదివే తీరు వేరు. బీమా పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతం ఉందో చూడాలి. క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై, వరుసగా అయిదేళ్ళు క్లెయిము లేకపోతే 50 శాతానికి చేరే బోనస్ అది. ఆరేళ్ళ నుంచి ఒకే యజమాని దగ్గరున్న కారు పాలసీలో సున్నా కనబడితే, కిందటేడు దేనికి క్లెయిము చేశారని అడిగే హక్కు మనకు ఉంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది: ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. పాత కారు మీద సంపాదించిన బోనస్‌ను అతడు ఈ కారుకు మార్చుకుని ఉండవచ్చు కాబట్టి 50 శాతం చూసి నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. కంపెనీ సర్వీసు సెంటరులో కారు నంబరు చెప్పి సర్వీసు చరిత్ర తీయించుకుంటే, ఏ తేదీకి ఎంత రీడింగు ఉందో, బాడీ పని ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది. రీడింగు ముందు ఎక్కువగా ఉండి తరువాత తగ్గిందంటే ఇక మాట్లాడుకోవలసింది ఏమీ ఉండదు.

నంబరు ప్లేటును చూసి బండి ఊరు పోల్చుకునే కాలం కూడా పోయింది. ఒకప్పుడు ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస రావడంతో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచెత్తిన విజయవాడలోని కారూ, మన పాలకొండ కారూ పైకి ఒకేలా కనిపిస్తాయి. అందుకని ఆర్సీలో రిజిస్టరు చేసిన కార్యాలయం ఏదో, యాజమాన్యం ఎప్పుడు మారిందో తప్పక చూడాలి. వరద వచ్చిన కొద్ది నెలలకే ఆ ఊరి కారు చేతులు మారిందంటే అది నేరానికి సాక్ష్యం కాకపోవచ్చు, కాని తివాచీ ఎత్తి చూడడానికి చాలినంత కారణమే. చెన్నైలో 2015 డిసెంబరులోనూ 2023 డిసెంబరులోనూ, హైదరాబాదులో 2020 అక్టోబరులోనూ వచ్చిన వరదల విషయంలోనూ అంతే. మునిగిన కారు మునిగిన ఊళ్ళోనే అమ్ముడుపోవడం కష్టం. ఆ వరదను కళ్ళారా చూడని ఊళ్ళోనే దానికి మంచి ధర పలుకుతుంది.

నీట మునిగిన కారును పట్టుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు, మోకాళ్ళ మీద కూర్చోగల మనిషి ఉంటే చాలు. సీటు బెల్టును చివరికంటా బయటికి లాగాలి. మామూలుగా లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి భాగం మీద మట్టి చార గాని, బూజు వాసన గాని ఉంటే నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో అదే చెబుతుంది. సీట్లు ఉతికించవచ్చు, తివాచీ కొత్తది వేయించవచ్చు, కాని సీటు కింది పట్టాల తుప్పును, స్టీరింగు కింద డ్యాష్‌బోర్డు లోపలి స్క్రూల తుప్పును శ్రద్ధగా తుడిచేవాళ్ళు అరుదు. డిక్కీలో స్టెప్నీ తీసి, ఆ గుంట మూలల్లో ఒండ్రు ఉందేమో వేలితో తడిమి చూడాలి. ఫ్యూజు పెట్టె తెరిచి, కనెక్టర్ల దగ్గర ఆకుపచ్చ చిలుము పట్టిందేమో గమనించాలి. కారులో ఘాటైన సెంటు కొట్టి ఉంటే అద్దాలన్నీ ఎక్కించి, ఎండలో పావుగంట నిలిపి, తలుపు తీయగానే వచ్చే మొదటి వాసన పీల్చాలి. ఇంత పట్టుదల ఎందుకంటే, మునిగిన కారు కొన్న రోజున బాగానే నడుస్తుంది. వైర్ల జాయింట్లలో చేరిన తడి నెలల తరువాత గాని తన పని మొదలుపెట్టదు. ఎయిర్‌బ్యాగు కంప్యూటరు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఒక్కొక్కటే మొండికేసే సమయానికి అమ్మినవాడు ఫోను ఎత్తడు. ఇంజను నీళ్ళు మింగితే సంగతి ఇంకా వేరు: నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి, తిరుగుతున్న ఇంజనులోకి అది వెళితే కనెక్టింగు రాడ్డే వంగిపోతుంది.

మన రెండు జిల్లాల కార్లకు ప్రత్యేకంగా వర్తించే మాటలు రెండున్నాయి. మొదటిది తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడూ, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతం మీద పడి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడూ చెట్లు కార్ల మీద కూడా పడ్డాయి. పాత కారు చూసేవాళ్ళు ముందు బంపరు చూస్తారు, తలుపులు చూస్తారు. పైకప్పు ఎవరూ చూడరు. స్టూలు వేసుకుని పైకప్పును ఏటవాలుగా చూడాలి, ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఒరిజినలేనా, లోపలి సీలింగు గుడ్డ ఊడదీసి మళ్ళీ అతికించిందా అన్నది గమనించాలి. రెండోది ఉప్పుగాలి. కళింగపట్నం, బారువ, భావనపాడు, పూసపాటిరేగ వైపు ఆరుబయట ఏళ్ళ తరబడి నిలిపిన కారుకు తలుపుల అడుగు అంచులు, చక్రాల పైరేకులు, సైలెన్సరు, బ్రేకు పైపులు ముందు తుప్పు పడతాయి. మీటరులో రీడింగు తక్కువ ఉండడం ఇక్కడ గొప్ప కాదు. తిరగకుండా సముద్రపు గాలికి నిలబడిన బండి కంటే రోజూ హైవే మీద తిరిగిన బండే నయమన్నది నా నమ్మకం. అడుగుభాగానికి నిన్నగాక మొన్న నల్లరంగు కొట్టి ఉంటే సంతోషించనక్కర్లేదు, ఆ రంగు కింద ఏముందో స్క్రూ డ్రైవరు మొనతో మెల్లగా గుచ్చి చూడాలి.

ప్రమాదపు దెబ్బ విషయంలో చూడవలసినవి ఎక్కువే గాని, అన్నింటికీ మూలసూత్రం ఒకటే: కంపెనీలో తయారైన కారుకు రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి. ఎడమ తలుపు సందు ఎంత ఉందో కుడి తలుపు సందూ అంతే ఉండాలి. బానెట్ కీళ్ళ బోల్టులు, ఫెండరు బోల్టులు ఊడదీసినవైతే వాటి మీది రంగు స్పానరు అంచుకు చెదిరి ఉంటుంది. ప్రతి అద్దం మూలన తయారీదారు గుర్తు, సంవత్సరపు అంకె ఉంటాయి. అన్నీ ఒక ఏడాదివై ఒక్కటి మాత్రం వేరైతే ఆ పక్క ఏదో జరిగింది. టైరు మీది నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి కాబట్టి, 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. ఇరవై వేల కిలోమీటర్ల రీడింగు చూపించే కారుకు నాలుగు టైర్లూ మార్చినవి కనబడితే ఆ రీడింగును నమ్మేదెలా? లప్పం పెట్టి రంగు వేసిన చోట గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం సరిగా అంటుకోదు, అల్యూమినియం, ప్లాస్టిక్ భాగాల మీద ఆ పరీక్ష ఎలాగూ పనిచేయదు. పెయింటు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. కంపెనీ రంగు సాధారణంగా నూరు మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది, లప్పం ఉన్నచోట అది అనేక రెట్లు చూపిస్తుంది. ఇంజను తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం, అసలు వెలగకపోతే ఎవరో ఆ దీపాన్ని నోరు మూయించారని అనుమానం.

నడిపి చూడడం గురించి రెండు మాటలు చాలు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మన ఎదుట స్టార్టు చేయించాలి. మనం వెళ్ళేసరికే బానెట్ వెచ్చగా ఉంటే మర్నాడు వస్తామని చెప్పాలి. బజారు వీధుల్లో తిప్పితే సరిపోదు, జాతీయ రహదారి మీద ఎనభై వేగంలో స్టీరింగు వణుకుతోందా, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతోందా అని చూడాలి. మన రోడ్లు ఎడమ అంచుకు వాలుగా ఉంటాయి కాబట్టి కారు కొద్దిగా ఎడమకు జరగడం దోషం కాదు.

ఇవన్నీ చేయవలసింది ఎవరన్నదే అసలు చిక్కు. మనం సముద్రాల అవతల ఉన్నాం. నాన్నగారికి డెబ్భై ఏళ్ళు. ఊరి మెకానిక్‌ను తీసుకెళతారు, మంచిదే. కాని అమ్మకం కుదిర్చిన బ్రోకరు ఆ మెకానిక్‌కు కూడా ఎంతో కొంత ముట్టజెప్పడం బజారులో కొత్త సంగతి కాదు. అందుకని అమ్మేవాడికీ బ్రోకరుకూ పరిచయం లేని మెకానిక్‌ను, అవసరమైతే విశాఖపట్నం నుంచి, బండి ఖర్చులూ రోజు కూలీ ఇచ్చి పిలిపించాలని నా గట్టి అభిప్రాయం. కొన్నా కొనకపోయినా తన డబ్బు తనకు వస్తుందని తెలిసిన మనిషి మాత్రమే ‘ఈ బండి వద్దండీ’ అనగలడు. ఆ పరీక్ష కూడా కారును లిఫ్ట్ మీదికి ఎక్కించే చోట జరగాలి. అరసవల్లిలోనో, పైడితల్లి అమ్మవారి గుడి ముందో బండికి పూజ చేయించడం మనకు ఆనవాయితీ. లిఫ్ట్ ఎక్కించడం ఆ పూజకు ముందే జరిగితే అమ్మవారూ ఏమీ అనుకోరు.

అన్నింటికంటే పెద్ద అడ్డంకి మొహమాటం. కారు చిన్నాన్నగారి స్నేహితుడిది, లేదా వియ్యాలవారి తాలూకు మనిషిది. దాని కింద దూరి చూస్తే ఆయన్ను అనుమానించినట్టు ఉంటుందని నాన్నగారు వెనకాడతారు. ఈ మొహమాటాన్ని మనం ఇక్కడినుంచి తీర్చవచ్చు. ‘అమెరికాలో ఉన్న అబ్బాయికి ఈ పట్టింపులు ఎక్కువ, పరీక్ష చేయించకపోతే డబ్బు పంపనంటున్నాడు’ అని చెప్పమనండి. చెడ్డపేరు మనం మోద్దాం, ఏడాదికోసారి వెళ్ళేవాళ్ళం మనమే కదా. నిజాయితీపరుడైన యజమాని దీనికి అడ్డుచెప్పడు. ఆ కారు గతంలో మునిగిందో లేదో ఆయనకే తెలియకపోవచ్చు, ఆయన కూడా రెండో యజమానే అయి ఉండవచ్చు.

దెబ్బ తగిలిన ప్రతి కారునూ వదులుకోమని నేను చెప్పను. బంపరు, ఫెండరు, తలుపు, బానెట్ వంటివి బోల్టులతో బిగించే భాగాలు; అవి మార్చినవైతే ఆ మేరకు ధర తగ్గించి నిరభ్యంతరంగా కొనవచ్చు. పిల్లర్లు (పైకప్పును మోసే స్తంభాలు), ముందు ఏప్రాన్ (ఇంజను గది పక్క రేకు), ఛాసిస్ పట్టీలు కోసి వెల్డింగు చేసినవైతే, ఎయిర్‌బ్యాగులు ఒకసారి తెరుచుకున్నవైతే, నీళ్ళు డ్యాష్‌బోర్డు దాకా వచ్చిన బండి అయితే ఎంత తగ్గించినా తీసుకోకూడదు. ఈ రెండు జాతుల తేడా తెలియక కొందరు బంపరు గీతకు భయపడి మంచి కారు వదిలేస్తారు, కొత్త రంగుకు మురిసి పిల్లరు అతికిన కారు తెచ్చుకుంటారు. డీలరు దగ్గర కొంటే 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం అతడు రిజిస్ట్రేషన్ అధికారి నుంచి అధికారపత్రం తీసుకుని ఉండాలి. దాన్ని చూపించమని అడగండి. వ్యక్తి దగ్గర కొంటే, కారు వరదలో మునగలేదని, ఛాసిస్‌కు దెబ్బ తగల్లేదని, రీడింగు ఇంత అని అమ్మకపు పత్రంలో రాయించి సంతకం పెట్టించాలి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ‘పరీక్షలో తేడా వస్తే తిరిగి ఇస్తాను’ అన్న ఒక్క వాక్యం రసీదులో ఉండాలి. అది రాయడానికి అమ్మేవాడు ఇష్టపడకపోతే పండుగ వెళ్ళాక మరో కారు చూడమని నాన్నగారికి చెప్పండి.