గాల్జీ గారూ, మా తొక్కు ఏడ పాయె?

హన్మకొండ

శ్రీయుత గాల్జీ సంక్లిష్టం గారికి,
కేంద్రకం పక్క సందు, అంతర్జీవ ద్రవ్యజాలం ఎదురుగా.

నమస్కారం. నా ఫిర్యాదు నిజానికి మీ మీద కాదు, మా దగ్గరి ఓ పార్సిల్ కౌంటరు మీద. అక్కడ రాసిస్తే తీసుకునేవాళ్లు లేరు కాబట్టి, మన ఒంటి కణంలో అదే పని చేసే మీకు రాస్తున్నా.

సంగతేమంటే, మంచిర్యాలలో ఉండే మా అక్కకు ఐదు కిలోల పండుమిర్చి తొక్కు పంపించాను. డబ్బాకు గుడ్డ చుట్టి, సుతిలి కట్టి, మార్కర్ పెన్నుతో అడ్రసు రాశాను. దారిలో నూనె కారింది. అక్షరాలు ఒక్కొక్కటే కరిగి చివరికి 'మ' మిగిలింది. డబ్బా మహబూబాబాద్ పోయింది. ఇక అక్క రోజూ ఫోను: "తమ్మీ, తొక్కు పంపిన అంటివి, ఏడుందిరా?"

ఆ టెన్షన్‌లో నేనుంటే, తొమ్మిదో తరగతి చదివే మావాడు జీవశాస్త్రం గట్టిగా వల్లె వేస్తున్నాడు. రైబోసోమ్‌లు చేసిన ప్రోటీను గరుకు అంతర్జీవ ద్రవ్యజాలంలో మడతలు పడి, కోశిక అనే బుడగలో మీ గుమ్మానికి వస్తుందట. ఒక వైపు దించుకుంటారట. అర తర్వాత అర దాటిస్తూ, దాని మీది చక్కెర తోకలు కత్తిరించి, కొత్తవి అతికించి, అవతలి వైపు నుంచి సాగనంపుతారట. కొన్ని చెత్తను అరిగించే సంచి లైసోసోమ్‌కు, కొన్ని కణం చుట్టూ ఉండే ప్లాస్మా పొరకు, కొన్ని కణం బయటికి.

బుడగను మోసే హమాలీ పేరు కైనెసిన్. అదీ ఓ ప్రోటీనే. రెండు కాళ్లతో సూక్ష్మనాళిక అనే కణంలోని సన్నటి పట్టా మీద అడుగుకు 8 నానోమీటర్ల చొప్పున నడుస్తాడు, అడుగుకో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కూలి. మా ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాకు అడుగు లెక్కన కూలి అడిగితే ఎట్లుంటదో! అడ్తిదారు ఆ పూటే యార్డు వదిలి పారిపోతాడు.

మీకు గుర్తింపు ఆలస్యమైన మాట నిజమే. 1898లో కామిల్లో గాల్జీ గుడ్లగూబ నాడీకణాల్లో మిమ్మల్ని చూస్తే, అదంతా రంగు మరకేనని చాలామంది యాభై ఏళ్లు వాదించారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాకగానీ మీరున్నారని నమ్మలేదు. ఆయనకు 1906లో నోబెల్ వచ్చింది గానీ అది నాడీవ్యవస్థ మీద చేసిన పనికి. కోశికల రవాణా గుట్టు విప్పిన ముగ్గురికి 2013లో ఇచ్చారు, అందులోనూ మీకు పైసా వాటా లేదు. పాపం అనుకున్నాను.

అంతలో మావాడు ఫోన్లో ఇంకో సంగతి వెతికి చదివాడు. లైసోసోమ్‌కు పోవాల్సిన ఎంజైము మీద మీరు మానోజ్-6-ఫాస్ఫేట్ అనే చీటీ అంటిస్తారు. అది చూసి పట్టుకునే గ్రాహకం మీ గుమ్మంలోనే ఉంటుంది. మరి చీటీ పడకపోతే? ఎంజైమును తీసుకుపోయి కణం బయట పారబోస్తారు! ఆ చీటీ వేసే ఎంజైము పుట్టుకతోనే పనిచేయని పిల్లలకు వచ్చేదే ఐ-సెల్ వ్యాధి. చెత్తను అరిగించాల్సిన ఎంజైములు రక్తంలో తిరుగుతుంటే లోపల లైసోసోమ్‌లు నిండిపోతాయి, పిల్లల ఎదుగుదల ఆగిపోతుంది. ఇక్కడ నాకు వెటకారం రాలేదు. ఫోను తీసుకుని పక్కన పెట్టాను.

తొక్కు దగ్గరికి వస్తే మాత్రం, చీటీ లేకపోతే మీరూ మా కౌంటరు అబ్బాయే. అతను నయం, 'మ' వరకైనా చదివాడు.

డబ్బా పన్నెండో రోజు తిరిగొచ్చింది. సగం తొక్కు డబ్బాలో, సగం గుడ్డలో. కొత్త డబ్బాకు నాలుగు వైపులా పెయింటుతో 'మంచిర్యాల' అని రాశాను. మావాడు ఊరుకుంటాడా? దాని కింద 'మానోజ్-6-ఫాస్ఫేట్' అని కూడా రాశాడు. కౌంటరు అబ్బాయి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు:

"సార్, ఈ మానోజ్ ఏ మండలం?"

ఇట్లు,
రశీదు జేబులో పెట్టుకుని తిరుగుతున్న
మీ విధేయుడు