చెట్టు మెడలోని పేరుపలక గారికి

మహారాజశ్రీ పేరుపలక గారి దివ్యసముఖమునకు, బెంగళూరు లాల్‌బాగ్‌కు నెలకు రెండు ఆదివారాలైనా వచ్చిపోయే ఒక హిందూపురం వాసి నమస్కరించి చేసుకొను విన్నపము.

అయ్యా, అరచేతి వెడల్పు రేకు మీద మూడు వరుసల రాతతో మీరు మా ఇంటి పరువు ఎంత తీశారో మీకు తెలిసి ఉండదు. మొదటి వరుసలో లాటిన్ పేరు, రెండో వరుసలో కుటుంబం, మూడో వరుసలో పుట్టిన దేశం. పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషి కూడా కాఫీ తాగాక గానీ ఈ సంగతుల్లోకి దిగడు. మీరు ముఖం చూడగానే మొదలుపెడతారు.

నిజానికి తొలినాళ్లలో మీరు మావారే అనుకున్నాను. 1753లో స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త లినేయస్ మొక్కల పేర్లకు ఖాయం చేసిన పద్ధతి ప్రకారం ప్రజాతి పేరు ముందు, జాతి పేరు వెనుక రావాలి; అంటే ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత అన్నమాట. లోకంలో ఈ మర్యాద తెలిసినవాళ్లం తెలుగువాళ్లమే అని గర్వపడే నాకు, మామిడి కింద ‘మాంజిఫెరా ఇండికా’ అని చదవగానే మా ఊరి రేషన్ కార్డు చదివినంత హాయిగా ఉండేది. మూడో వరుస చదివే అలవాటు అబ్బాకనే ఆ హాయి పోయింది.

కిందటి కార్తీకంలో మా మేనత్త వచ్చింది. నాగలింగం చెట్టు కింద రాలిన పువ్వునొకదాన్ని ఏరి, దోసిట్లో పెట్టుకుని, మందపాటి ఎర్రరేకుల నడుమ పడగలా వంగిన కేసరాల కుచ్చునూ, దాని కింద దాగిన చిన్న లింగాన్నీ వేలితో మెల్లగా విప్పి నాకు చూపించి, కళ్లకద్దుకుంది. నేను ఊరుకోకుండా మీ మూడో వరుస పైకి చదివాను: దక్షిణ అమెరికా. పేరులోనే ‘గయానెన్సిస్’ అని గయానా ఉన్నదని కూడా వివరించాను. ఆమె నన్ను జాలిగా చూసి, “అయితే ఏమిరా? శివయ్య ఆడ గూడా ఉండాడని గదా అర్థం” అన్నది. మీ దగ్గర దీనికి జవాబు ఉంటే నాలుగో వరుసలో రాయించగలరు.

ఆమె వెళ్లిపోయింది గానీ నాకు అనుమానం అనే జబ్బు అంటుకుంది. గుడి ప్రాంగణాల్లో తప్పనిసరిగా కనిపించే దేవగన్నేరు అమెరికా ఖండపుది. గొబ్బెమ్మ నెత్తిన పెట్టే బంతి, బతుకమ్మలో వరుస తీరే బంతి మెక్సికో నుంచి వచ్చింది. సీతమ్మవారి పేరు పెట్టుకున్న సీతాఫలమూ, పక్కనే అయ్యవారి పేరు పెట్టుకున్న రామాఫలమూ కూడా ఆ గట్టువే. పోనీ, పులుసు లేనిదే ముద్ద దిగని మన చింత అయినా మనదే అనుకుందామంటే, ‘టామరిండస్ ఇండికా’ అని ఇంటిపేరులోనూ సొంతపేరులోనూ ఇండియాను మోస్తూ పుట్టిల్లు మాత్రం ఆఫ్రికాలో పెట్టుకుంది. అరబ్బులు దాన్ని ‘హిందూ దేశపు ఖర్జూరం’ అన్నారు. ఆ మాటే లాటిన్ వేషం కట్టింది. ఇక జాన్ కామెరాన్ దొర లాల్‌బాగ్ అధికారిగా ఉన్న రోజుల్లో తెచ్చి పెంచిన మెక్సికో కాయను మనం బెంగళూరు వంకాయ అంటున్నాం. అది బెంగళూరుదీ కాదు, వంకాయా కాదు, గుమ్మడి బంధువు. మా ఇంట్లో ఈ విషయం చెప్పిన రోజున ఆ కూర నా కంచంలో పడలేదు.

లోకల్, నాన్‌లోకల్ పంచాయితీలతో తలపండిన జాతి మాది; స్థానికత ధ్రువపత్రం మాకు కొత్త కాదు. కానీ మీరు నిలబడిన చోటు చూడండి. 1760లో హైదర్ అలీ ఈ తోటను మొఘల్ పద్ధతిలో వేయించాడు. టిప్పు పరదేశాల నుంచి విత్తనాలు తెప్పించాడు. 1889లో పునాది పడిన గాజుమేడకు లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఆదర్శం. తరువాత వచ్చిన జర్మన్ తోటల నిపుణుడు క్రుంబీగల్, ఒక జాతి పూత ముగిసేసరికి ఇంకొకటి అందుకునేలా నగరమంతా ఏడాది పొడవునా పూల చెట్లను వరుసపెట్టాడు. నాలుగడుగులు వేస్తే ఇంగ్లీషు పచ్చిక, ఇంకో నాలుగు వేస్తే కత్తెరతో ఆకారాలు తీర్చిన పొదలు, మలుపు తిరిగితే తొట్టెల్లో జపాను మరుగుజ్జు చెట్లు. 240 ఎకరాల ఈ కలగూరగంపలో నిఖార్సయిన లోకల్ ఎవరంటే, సుమారు 300 కోట్ల ఏళ్లుగా కదలక కూర్చున్న ఆ రాతిగుట్ట ఒక్కటే. దాని దగ్గర పుట్టిన దేశం అడిగే ధైర్యం మీకున్నదా?

పైగా మీ కళ్లకు కొలత లేదు. పళ్లెంలో మూరెడు ఎత్తున తీగలు చుట్టించుకుని కూర్చున్న మర్రి పక్కన నిలబడి ‘ఫైకస్ బెంగాలెన్సిస్’ అంటారు. కదిరి దగ్గర దాదాపు అయిదెకరాల్లో ఊడలు దించిన తిమ్మమ్మ మర్రిమానునూ అదే పేరుతో పిలుస్తారు. మా సీమ మర్రికి బెంగాల్ పేరేమిటని నేను అడగలేదు. అడిగితే ఇంకేం బయటపడుతుందోనని భయం.

పోనీ, చెప్పిన మాట మీదైనా ఉంటారా అంటే అదీ లేదు. నల్లతుమ్మను తరతరాలుగా అకేసియా అని రాశారు. అసలు ఆ పేరు పుట్టిందే దాని ముళ్లను చూసి. 2005లో వియన్నాలో వృక్షశాస్త్రవేత్తలు కూర్చుని ఆ ఇంటిపేరును ఆస్ట్రేలియా చెట్లకు రాసిచ్చి, మన తుమ్మను వాచెలియాను చేశారు. పట్టాదారు పాసుపుస్తకంలో రాత్రికి రాత్రి పేరు మారిన రైతుకైనా తహసీల్దారు గుమ్మం ఉంటుంది. తుమ్మ ఎక్కడికి పోవాలి? మీరు మాత్రం చాలా చోట్ల పాత పేరుతోనే, ఏమీ జరగనట్టు మెరుస్తున్నారు.

మీమీద నాకు పగ లేదు. ఏ చెట్టు దగ్గరికి వెళ్లినా ముందు ఆకు చూడకుండా మీ ముఖం చూసేవాడిగా నన్ను తయారుచేశారన్నదే నా ఫిర్యాదు.

మా కాలనీ పార్కులో మీ తమ్ముడు ఒకడున్నాడు, కానుగ మానుకు మేకులతో కొట్టి ఉంచారు. కానుగ ఏమీ అనకుండా ఏడాదికింత లావెక్కుతూ, అంచుల మీదికి పెదవిలా బెరడును తెచ్చి రేకును కొద్దికొద్దిగా మింగుతున్నది. కుటుంబం వరుస సగమైంది. పుట్టిన దేశం వరుస పూర్తిగా లోపలికి పోయింది. ఉగాదినాటికి లాటిన్ పేరు ‘పొంగామియా’లో ‘పొంగా’ అన్న రెండక్షరాలు మాత్రం బయట మిగిలాయి. తమరి క్షేమం కోరి ముందుగా తెలియజేస్తున్నాను.

ఇట్లు,
ఇంటిపేరుతో సంతకం పెట్టడానికి ఈమధ్యనే జంకు పట్టుకున్న,
ఒక సందర్శకుడు